అమీర్‌పేట నేర్పిన కావలి విద్య

హైదరాబాదు నగరమున ఒక్కొక్క పేటకు ఒక్కొక్క వృత్తి పేరు తెచ్చినది. గాజులు కావలసినవారు లాడ్‌బజారునకు పోవుదురు. ముత్యములకు పత్తర్‌గట్టీ, టోకు బేరమునకు బేగంబజారు, పాత పుస్తకములకు కోఠి ప్రసిద్ధములు. అట్లే గడచిన ముప్పది ఏండ్లుగా కంప్యూటరు విద్య నేర్వదలచిన తెలుగు విద్యార్థికి పెద్దలు చెప్పుచు వచ్చిన చిరునామా ఒక్కటే: అమీర్‌పేట, మైత్రీవనము. శ్రీకాకుళము నుండియు, ఆదిలాబాదు నుండియు, అనంతపురము నుండియు వచ్చిన యువకులు సికింద్రాబాదులో రైలు దిగి, ఒక పెట్టె, ఒక పరుపుచుట్ట చేతబట్టుకొని ఈ పేటకు చేరిరి. సంజీవరెడ్డి నగరులోను, బల్కంపేటలోను హాస్టలు గదులలో నలుగురైదుగురు కలిసి యుండి, ఉదయము ఒక తరగతి, సాయంకాలము ఒక తరగతి విని, ఉద్యోగములు సంపాదించుకొని దేశదేశములకు వెడలిరి.

ఆ యువకులు నేర్చిన చదువులలో ప్రోగ్రాములు వ్రాయు విద్యకు వచ్చినంత పేరు మరియొక విద్యకు రాలేదు. అది నెట్‌వర్కులను కట్టు విద్య, సర్వర్లను కాచు విద్య. ఈ రెండవ విద్యలో ఆరితేరినవారు ఈ పేటనుండి కొల్లలుగా బయలుదేరి, సముద్రములకు ఆవలనున్న బ్యాంకుల సర్వర్లకు, ఆసుపత్రుల సర్వర్లకు కావలి కాయుచున్నారు. అయినను మన ఇండ్లలో మూలనున్న చిన్న పెట్టెకు, మన భవనముల మెట్లక్రింద నున్న చిన్న సర్వరునకు ఆ కావలి ఇంకను కుదరలేదు. ఆ విద్య ఇచ్చట ఎట్లు పుట్టినది, ఇంటివరకు ఏల రాలేదు అనునవి ఈ ప్రసంగమునకు విషయములు.

ముందుగా ఒకటి రెండు మాటలకు అర్థము చెప్పుకొందము. అమీర్‌పేటలో మెట్రో రైలు ఎక్కినవారికి ఇది సులభముగా బోధపడును. అచ్చట మియాపూరు నుండి వచ్చు మార్గమును నాగోలు వైపునుండి వచ్చు మార్గమును ఒకే స్టేషనులో కలియును. ప్రయాణికుడు ఒక అంతస్తులో దిగి, ఇంకొక అంతస్తునకు పోయి, తాను పోవలసిన దిక్కునకు బండి మారును. ఆ తరువాతి స్టేషను పంజాగుట్ట. సమాచారము కూడ నెట్‌వర్కులో ఇట్లే చిన్నచిన్న తునకలుగా ప్రయాణము చేయును. ప్రతి తునకమీదను పోవలసిన చిరునామా యుండును. ఏ తునకను ఏ మార్గమునకు పంపవలెనో నిర్ణయించు కూడలి యంత్రమునకు రౌటరు అని పేరు. అడిగినవారికి అడిగిన సమాచారము నిచ్చుటకు రేయింబవళ్లు మేలుకొనియుండు కంప్యూటరు సర్వరు. అది ఏ దూరదేశముననో చల్లని గదిలో నుండవలెనను నియమము లేదు. మన మెట్లక్రింద నుండవచ్చును.

ఈ విద్యకు హైదరాబాదులో నేల అమీర్‌పేటకు పూర్వమే సిద్ధమైనది. 1967వ సంవత్సరమున ఇచ్చట ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్, అనగా ఇ.సి.ఐ.ఎల్. సంస్థ వెలసినది. 1969లో ట్రాంబే అణు పరిశోధన కేంద్రమువారి రూపకల్పన ననుసరించి టి.డి.సి.-12 అను కంప్యూటరు ఆ సంస్థ పేరున వెలువడినది. 1970 దశకము నడుమ ఏర్పడిన సి.ఎం.సి. సంస్థ తన పరిశోధన శాఖను సికింద్రాబాదులో నెలకొల్పినది. 1986లో ఢిల్లీలో ఆరంభమైన రైల్వే రిజర్వేషను కంప్యూటరు పద్ధతి ఆ సంస్థ సిద్ధపరచినదే. ఒక కౌంటరులో కూర్చున్న గుమాస్తా ఏ బండిలోనైనను ఖాళీ బెర్తు చూచి టిక్కెట్టు నిచ్చుట ఆనాడు మన ప్రజలకు వింతగా తోచినది. నెట్‌వర్కు అను మాట తెలియకపోయినను నెట్‌వర్కు వలన కలుగు ప్రయోజనము సామాన్యులకు మొదట తెలిసినది ఆ వరుసలో నిలుచున్నప్పుడే. ఆ సంవత్సరముననే దేశములోని ప్రధాన విద్యాసంస్థలను కలుపుచు ఎర్నెట్ అను విద్యా పరిశోధన నెట్‌వర్కు మొదలైనది.

సామాన్య గృహస్థునకు ఇంటర్నెట్ ద్వారము తెరచుకొన్నది 1995 ఆగస్టు 15వ తేదీన. ఆనాడు విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు నగరములలో ఈ సేవను ప్రారంభించినది. హైదరాబాదు ఆ మొదటి నాలుగింటిలో లేదు. అయినను ఎగుమతి వ్యాపారము చేయు సాఫ్ట్‌వేర్ సంస్థలకు వేరొక దారి అప్పటికే ఏర్పడియుండెను. 1991లో కేంద్ర ప్రభుత్వము సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల సంస్థను స్థాపించినది. విదేశములతో నేరుగా సమాచారము ఇచ్చిపుచ్చుకొనుటకు వలయు సంధానమును ఆ సంస్థ చిన్న కంపెనీలకు సమకూర్చెడిది. దాని హైదరాబాదు శాఖ 1990 దశకములో నగరాభివృద్ధి సంస్థవారి మైత్రీవనము భవనమున నుండెను. ఈనాడు కొండాపురము, గచ్చిబౌలి ప్రాంతములలో అద్దాల మేడలు చూచువారికి ఈ మాట నమ్మశక్యము కాకపోవచ్చును. హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ భవనమును నాటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి ప్రారంభించినది 1998 నవంబరు 22న. అంతకు పూర్వము సాఫ్ట్‌వేర్ ఎగుమతికి సంబంధించి కాగితము కావలెనన్నను, సంధానము కావలెనన్నను అమీర్‌పేట చౌరస్తాకు రావలసినదే.

కచేరీ యున్నచోట అర్జీలు వ్రాయువారు చేరుదురు. సాఫ్ట్‌వేర్ కచేరీ యున్నచోట సాఫ్ట్‌వేర్ నేర్పువారు చేరిరి. దీనికి తోడు ఈ పేటకు స్థలబలము కలదు. కూకట్‌పల్లి, సికింద్రాబాదు, ఖైరతాబాదు, పంజాగుట్ట దారులన్నియు ఇచ్చట కలియును. చుట్టుపట్ల కాలనీలలో గదులు అద్దెకు దొరకును. 2000 సంవత్సరము సమీపించినకొలది, సంవత్సరమును రెండే అంకెలతో గుర్తించిన పాత ప్రోగ్రాములను సరిదిద్దుటకు ప్రపంచమంతట మనుషులు కావలసివచ్చిరి. దానితో మైత్రీవనము చుట్టును ఆదిత్య ఎన్‌క్లేవ్ మొదలగు భవనములలో గదిగదికి ఒక బడి వెలసినది. గోడ కనబడకుండ బోర్డులు కట్టిరి. మొదటి మూడు పాఠములు ఉచితము. నచ్చినచో రుసుము కట్టవలెను. ఉపాధ్యాయుని నోట్సు జిరాక్సు దుకాణములో దొరకెడిది.

నేను పట్టభద్రుడనై ఉద్యోగము వెదకుకొనుచున్న దినములలో, 2001 ప్రాంతమున, అట్టి ఒక గదిలో మూడు నెలలు పాఠములు వింటిని. నూరుమందికి చోటున్న గదిలో నూట యేబదిమంది యుంటిమి. మా ఉపాధ్యాయుడు మొదటి దినముననే నల్లబల్లమీద ఒక ఇల్లు గీచి, దానికి తలుపులు, కిటికీలు పెట్టి, “ఇది సర్వరు. దీని తలుపులెన్నో తెలియనివాడు దీనికి యజమాని కాడు” అనెను. ఆ పాఠములతో నాకు ఉద్యోగము రాలేదు. రేడియోలో ఉద్యోగము వచ్చినది. ఆ బొమ్మ మాత్రము మనసున నిలిచినది.

ఆ రోజులలో నెట్‌వర్కు తరగతులకు వచ్చువారు నోవెల్ నెట్‌వేర్, విండోస్ ఎన్.టి., యూనిక్స్ నేర్చెడివారు. 1998లో సిస్కో సంస్థ సి.సి.ఎన్.ఎ. అను పరీక్షను, 1999లో రెడ్ హాట్ సంస్థ లినక్స్ నిపుణుల పరీక్షను ఏర్పరచగా, వాటికి తరగతులు మొదలైనవి. ఈ విద్య నేర్చినవారికి భూగోళమే తోడ్పడినది. న్యూయార్కు నగరము మనకంటె ఎండకాలమున తొమ్మిదిన్నర గంటలు, చలికాలమున పదిన్నర గంటలు వెనుక నుండును. అచ్చట అందరు నిద్రించు వేళ ఇచ్చట పట్టపగలు. సర్వర్లను ఆపి సరిచేయుటకు జనసంచారము లేని వేళయే తగినది గదా! కావున అమెరికా కంపెనీలవారు తమ సర్వర్ల మరమ్మతును మన పగటివేళకు అప్పగించిరి. వారి పగటి కావలికి మనవారు రాత్రి జాగరణము చేసిరి. అర్ధరాత్రి కంపెనీ కార్లు వీధులలో తిరుగుట, తెల్లవారుజామున టీ దుకాణములు తెరచియుండుట ఈ నగరమునకు అట్లు అలవాటైనవి.

ఈ కావలివారి నిత్యకృత్యములను చూచినచో నాలుగు ధర్మములు కనబడును. లోనికి ఎవరెవరు రావచ్చునో పట్టికగా నుంచుకొని, ఉద్యోగము మానినవాని పేరు ఆనాడే కొట్టివేయుట ఒకటి. తయారుచేసినవారు లోపములను సవరించి పంపిన దిద్దుబాట్లను ఆలస్యము లేక అమర్చుట రెండవది. అక్కరలేని తలుపులు మూయుట మూడవది. సమాచారమునకు నకలు తీసి వేరొకచోట దాచి, ఆ నకలు పనిచేయునో లేదో అప్పుడప్పుడు పరీక్షించుట నాలుగవది. ఇవిగాక డిస్కులో ఎంత చోటు మిగిలినది, యంత్రము వేడెక్కుచున్నదా, రాత్రి ఎవరైనను తలుపు తట్టిరా అని ప్రతి ఉదయము దినచర్య పుస్తకమువంటి లాగు చూచుట కలదు. దీనిలో గారడీ ఏమియు లేదు. రైతు పొద్దున లేచి చేను చుట్టివచ్చుటవంటిదే.

ఈ ధర్మములు దెబ్బలు తిని నేర్చుకొన్నవి. 1988 నవంబరు 2వ తేదీన అమెరికాలో ఒక విద్యార్థి వదలిన ప్రోగ్రాము తనంతతాను నకళ్లు చేసికొనుచు, నాటి ఇంటర్నెట్‌లోని సుమారు 6,000 కంప్యూటర్లను స్తంభింపజేసినదని అంచనా కట్టిరి. ఆ ప్రోగ్రాము చేసిన పనులలో ఒకటి పాస్‌వర్డులను ఊహించుట. మనుషులు తమ పేరును, పేరు తిరుగవేసిన అక్షరములను, సులభమైన మాటలను తాళముగా పెట్టుకొందురని అది వ్రాసినవానికి తెలియును. ఇన్ని సంవత్సరములు గడచినను ఆ బలహీనత మనలను విడువలేదు.

ఇక మన ఇంటికి వత్తము. 1998 నవంబరులో ప్రైవేటు సంస్థలకు కూడ ఇంటర్నెట్ సేవ నొసగుటకు అనుమతి లభించినది. అప్పటి పద్ధతి టెలిఫోను తీగె ద్వారా. మోడెము కీచుమని కూసి, ఒక నిమిషమునకు సంధానము కుదిరెడిది. ఆ సమయమున ఎవరైనను ఫోను చేసినచో తీగె తెగెడిది. బిల్లునకు వెరచి, పని ముగియగానే అందరును సంధానము తెంచివేసెడివారు. తెలియకయే వారు ఒక మంచి పని చేసిరి. తలుపు తెరచుట, లోపలికి వచ్చుట, తలుపు మూయుట వారికి అలవాటైనది.

2004లో కేంద్ర ప్రభుత్వము బ్రాడ్‌బ్యాండు విధానమును ప్రకటించి, సెకనుకు 256 కిలోబిట్ల వేగముతో ఎల్లవేళల నిలిచియుండు సంధానమునకే ఆ పేరు చెల్లునని నిర్వచించినది. 2005 జనవరిలో బి.ఎస్.ఎన్.ఎల్. సంస్థ తన బ్రాడ్‌బ్యాండును తెచ్చినది. హైదరాబాదులో కేబుల్ టెలివిజను వారు మిద్దెమీదనుండి మిద్దెమీదకు తీగెలు లాగి ఇంటింటికి ఇంటర్నెట్ నందించిరి. 2017 మార్చిలో ఎ.సి.టి. సంస్థ సెకనుకు 1 గిగాబిట్ వేగమును ఈ నగరమున ప్రవేశపెట్టినది. పండ్రెండేండ్లలో వేగము సుమారు నాలుగు వేల రెట్లు పెరిగినదన్నమాట. అందరును ఈ వేగమును గూర్చి మాటలాడుకొనిరి. “ఎల్లవేళల” అను మాటను ఎవరును అంతగా పట్టించుకొనలేదు. తలుపు ఎల్లవేళల తెరచియున్న ఇల్లు వేరు, పనియున్నప్పుడు మాత్రము తెరచు ఇల్లు వేరు.

ఈ సందర్భమున ఇంటి రౌటరు చేయు ఒక ఉపకారమును చెప్పవలెను. ఇంటర్నెట్ పాత చిరునామా పద్ధతిలో మొత్తము చిరునామాలు సుమారు 429 కోట్లు. అవి చాలవని ముందుగానే గ్రహించి, కొన్ని అంకెలను ఇండ్లలోను కార్యాలయములలోను లోపలివాడుకకు ప్రత్యేకించిరి. మన ఇండ్లలో 192.168తో మొదలగు అంకెలు అట్టివి. ఇంటిలో పది పరికరములున్నను బయటివారికి రౌటరు చిరునామా ఒక్కటే కనబడును. లోపలినుండి ఎవరు ఏ ఉత్తరము వ్రాసిరో అది గుర్తుంచుకొని, ప్రత్యుత్తరము వచ్చినప్పుడు వారికే అందజేయును. ఎవరును అడుగకయే బయటినుండి వచ్చినదానిని లోనికి రానీయదు. అపార్టుమెంటు వాకిట కూర్చున్న కావలివాని పనియే ఇది. చిరునామాల కొరత తీర్చుటకు వచ్చిన ఏర్పాటు మనకు కొంత రక్షణ కూడ కల్పించినది. అయితే ఆ కావలివాడే శత్రువు వశమైనచో ఇల్లంతయు వశమైనట్లే.

అతడు వశమగుటకు మార్గము ఫ్యాక్టరీలోనే ఏర్పడినది. లక్షల పెట్టెలకు ఒకే పేరు, ఒకే తాళము పెట్టి అమ్మిరి. పేరు అడ్మిన్, పాస్‌వర్డు కూడ అడ్మిన్. వాడుకొనువాడు మార్చుకొనునని తయారుచేసినవారి తలపు. బిగించువాడు మార్చునని వాడుకొనువాని తలపు. దీపము వెలిగినచో తన పని ముగిసినదని బిగించువాని తలపు. 2017 జూలైలో మన దేశమున బి.ఎస్.ఎన్.ఎల్. చందాదారుల మోడెములు కొన్ని ఒక దుష్ట ప్రోగ్రాము బారినపడి పనిచేయుట మానినవి. ఫ్యాక్టరీ పాస్‌వర్డు మార్చుకొనుడని ఆ సంస్థ అప్పుడు చందాదారులను కోరినది.

తీగె లేని వైఫై వచ్చిన తరువాత గోడలు కూడ అడ్డుగాకుండ పోయినవి. వైఫైకి మొదట కూర్చిన వెప్ అను రహస్య లిపిలోని లోపమును 2001లోనే పండితులు బయటపెట్టిరి. 2004లో దానికంటె బలమైన డబ్ల్యు.పి.ఎ.-2 పద్ధతియు, 2018లో డబ్ల్యు.పి.ఎ.-3 పద్ధతియు వచ్చినవి. అయినను చాల ఇండ్లలో వైఫైకి తాళమే లేకుండెను. 2008 జూలై 26న అహమ్మదాబాదులో బాంబులు ప్రేలుటకు కొద్ది నిమిషములకు ముందు వార్తా సంస్థలకు ఒక ఉత్తరము చేరినది. పోలీసులు ఆరా తీయగా అది నవీ ముంబయిలో ఒక నివాసగృహపు వైఫైనుండి వచ్చినట్లు తేలినది. ఆ వైఫైకి తాళము లేదు. ఎవరో దానిని వాడుకొనిరి. ఇంటివాడు పోలీసుల ప్రశ్నలకు సమాధానము చెప్పవలసివచ్చినది. 2009లో టెలికాం శాఖవారు ఇంటర్నెట్ సంస్థలకు ఉత్తరువులిచ్చి, చందాదారుల వైఫైలకు రక్షణ ఏర్పడునట్లు చూడుమని ఆదేశించిరి. మనము తెరచియుంచిన తలుపుగుండ పోయిన దొంగ మన పేరు చెప్పి పోవును.

ఇప్పుడు నా సొంత తప్పిదము నొకటి చెప్పుకొనవలెను. మేము కాపురముండు పంజాగుట్ట భవనములో ఇరువది ఇండ్లు కలవు. కొన్ని సంవత్సరముల క్రిందట నేను భవన సంఘమునకు కార్యదర్శిగా నుంటిని. ద్వారమున, మెట్లవద్ద, వాహనములు నిలుపుచోట కెమెరాలు పెట్టించితిమి. వాటి దృశ్యములను భద్రపరచు పెట్టెను కావలివాని గదిలో ఒక పలకమీద నుంచిరి. దానిని నేను కెమెరాలకు సంబంధించిన వస్తువుగనే చూచితిని. అది ఒక సర్వరు అని, మా ఇరువది ఇండ్లకు ఉమ్మడి సర్వరు అని నాకు తోచలేదు.

మూడవ అంతస్తులో ఆసుపత్రి నర్సు ఒకామె యుండెడిది. రాత్రి డ్యూటీకి పోవుటకు ఆమెకు స్కూటరే ఆధారము. ఒకనాటి ఉదయము అది కనబడలేదు. అందరము కావలివాని గదిలో చేరితిమి. పెట్టె తెరచి చూడగా కడపటి దృశ్యము నాలుగు నెలల నాటిది. డిస్కు ఎప్పుడో చెడిపోయినది. కావలివాడు బిక్కమొగము వేసి, “లైటు ఎలుగుతనే ఉండె గద సార్!” అనెను. అతని తప్పేమున్నది? నేనును ఆ లైటునే చూచుచు పోవుచుంటిని. ఆ సాయంకాలము రెండవ అంతస్తు కుర్రవాడొకడు పెట్టెను పరీక్షించి, మరియొక సంగతి బయటపెట్టినాడు. దూరమునుండి ఫోనులో చూచుకొనుటకై బిగించినవారు దానికి ఇంటర్నెట్ వైపు ఒక తలుపు తెరచి, ఫ్యాక్టరీ పాస్‌వర్డును అట్లే యుంచిరి. మా బిడ్డలు బడికి పోవు వేళ, ఆడవారు ఒంటరిగా వచ్చు వేళ, ప్రపంచములో ఎవడైనను చూడదగినట్లుండెను. నర్సు నన్ను ఒక్క మాటయు అనలేదు. “బండి సంగతి సరే అన్నయ్యా, మన ఇల్లు ఇన్నాళ్లు ఎవరు చూశారో?” అని మాత్రము అడిగినది. దానికి నావద్ద జవాబు లేదు.

ఆ కుర్రవాడు అమీర్‌పేటలో చదివినవాడే. విదేశ బ్యాంకు ఒకదాని సర్వర్లు చూచును. అచ్చట డిస్కు నిండుచున్నచో అర్ధరాత్రియైనను అతని ఫోను మ్రోగును. మా భవనములో అట్టివారు మరి ఇద్దరు కలరు. ముగ్గురు కావలివారున్న ఇంటిలో సర్వరునకు కావలి లేదు. కారణము విద్య లేకపోవుట కాదు. పని ఎవరిదో తేల్చకపోవుట. కంపెనీలో ప్రతి సర్వరునకు ఒక పేరు వ్రాసియుండును. ఇంటిలో పెట్టె బిల్లు కట్టువానికి బిల్లు తెలియును, వాడువారికి వేగము తెలియును, దాని క్షేమము చూచుట ఎవరి వంతును కాదు. అమీర్‌పేట మన బిడ్డలకు కావలిని జీతమునకు చేయు పనిగా నేర్పినది. ఇంటి వాడుకగా మనము నేర్చుకొనలేదు.

ఇట్టి పెట్టెలవలన కలుగు నష్టము మనతో ఆగదు. 2016లో మిరాయి అను దుష్ట ప్రోగ్రాము సుమారు అరువది ఫ్యాక్టరీ పాస్‌వర్డుల పట్టిక నొకటి చేతబట్టుకొని, లోకములోని కెమెరాలను, వాటి పెట్టెలను, రౌటర్లను లక్షలుగా లోబరచుకొన్నది. ఆ అక్టోబరు 21న వాటినన్నిటిని ఒకేమారు ఉసికొల్పి దాడి చేయించగా, అమెరికాలో ప్రసిద్ధమైన వెబ్‌సైట్లు అనేకము గంటలకొలది అందకపోయినవి. ఆ సైన్యములోని సైనికులు ఎవరో ఇంటివారి కెమెరాలే.

దిద్దుబాటు విషయమున ఆలస్యము ఎంత చేటో 2017 మే 12 చూపినది. ఆనాడు వన్నాక్రై అను ప్రోగ్రాము ప్రపంచమంతట కంప్యూటర్లలోని కాగితములకు తాళమువేసి సొమ్ము అడిగినది. ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లు కూడ కొన్ని దానికి చిక్కినవి. ఆ లోపమునకు మైక్రోసాఫ్ట్ సంస్థ మందు ఇచ్చినది మార్చి 14న. దాదాపు రెండు నెలలు మందు అందుబాటులో నుండెను. తీసికొననివారికి జబ్బు చేసినది.

కావున ఇంటి నెట్‌వర్కునకు చేయవలసిన పనులను కంపెనీ కావలివారి నాలుగు ధర్మములనుండియే గ్రహింపవచ్చును. మొదట రౌటరు లోపలి పాస్‌వర్డును మార్చవలెను. ఇది వైఫై పాస్‌వర్డు కాదు, పెట్టెను శాసించు పాస్‌వర్డు. రెండును వేరువేరుగా నుండవలెను. వైఫైకి డబ్ల్యు.పి.ఎ.-2 గాని, పెట్టె అంగీకరించినచో డబ్ల్యు.పి.ఎ.-3 గాని యెన్నుకొనవలెను. ఫోను నంబరు, బిడ్డ పేరు, ఇంటి నంబరు తాళములుగా పనికిరావు. ఒకదానితో ఒకటి సంబంధము లేని నాలుగు తెలుగు మాటలను వరుసగా కూర్చినచో ఇంటివారికి గుర్తుండును, పరులకు ఊహ కందదు. ఇంటికి వచ్చు చుట్టములకు అతిథి వైఫై అను వేరు గది యిచ్చుట మంచిది. కెమెరాలను, టెలివిజనును కూడ ఆ గదిలోనే యుంచినచో వాటికి వచ్చిన రోగము మన కంప్యూటరునకు సులభముగా అంటదు.

తరువాత అక్కరలేని తలుపులు. దూరమునుండి రౌటరును శాసించు సౌకర్యమును, బొత్తాము నొక్కి వైఫైలో చేరు సౌకర్యమును, పరికరములు తమంతతాము రౌటరులో తలుపులు తెరచుకొను సౌకర్యమును తీసివేయవచ్చును. నెలకొకమారు రౌటరు పేజీ తెరచి, చేరియున్న పరికరముల పట్టిక చదువవలెను. మన ఇంటిలో ఏడు పరికరములుండి పట్టికలో తొమ్మిది కనబడినచో ఆ రెండు ఎవరివో కనుగొనవలెను. అదే కూర్చున్నప్పుడు రౌటరునకు దిద్దుబాటు వచ్చినదేమో చూచి అమర్చవలెను. తయారుచేసినవారు దిద్దుబాట్లు పంపుట మానిన పెట్టెను, అది వెలుగుచున్నను, మార్చుటయే మేలు.

ఇంటిలో సర్వరున్నచో, అది కెమెరాల పెట్టెయైనను, ఫోటోలు దాచు పెట్టెయైనను, పాత కంప్యూటరునే సర్వరుగా చేసికొన్నదైనను, దానికి గాలి తగులవలెను, దుమ్ము దులుపవలెను, కరెంటు పోయినప్పుడు హఠాత్తుగా ఆరిపోకుండ యు.పి.ఎస్. నుండవలెను. గడియారము సరియైన కాలము చూపవలెను. లేనిచో దొంగ వచ్చిన వేళ పుస్తకములో తప్పుగా పడును. డిస్కులకు ఆయుర్దాయము కలదు. పోగొట్టుకొనరాని వస్తువులు, అనగా పెండ్లి ఫోటోలు, భూమి కాగితములు, పెద్దల కంఠస్వరములు మూడు ప్రతులుగా నుండవలెను. అవి రెండు వేరువేరు సాధనములమీద, అందొకటి వేరొక ఇంటిలో నుండుట నిపుణుల పద్ధతి. నకలునుండి ఒక ఫోటోను తిరిగి తెరచి చూచిననాడే అది నకలు. చూడనంతవరకు అది నమ్మకము మాత్రమే.

మా భవనములో ఇప్పుడు ఒక ఏర్పాటు నడచుచున్నది. కావలివాని గది గోడకు ఒక కాగితము అంటించితిమి. నెలలో మొదటి ఆదివారము ఏ ఇంటివారి వంతో అందులో వ్రాసియున్నది. ఆ వంతువారు వచ్చి నిన్నటి దృశ్యము తెరచి చూచి, డిస్కులో మిగిలిన చోటు, దిద్దుబాటు సంగతి వ్రాసి, సంతకము పెట్టవలెను. పది నిమిషముల పని. కంప్యూటరు తెలియని గృహిణులు కూడ రెండవమారునకే నేర్చిరి. మొదటి సంతకము మూడవ అంతస్తు నర్సుది.

ఒకప్పుడు రేడియో పెట్టె ఇంటికి తెచ్చుకొన్నవారు తపాలా కార్యాలయములో లైసెన్సు తీసికొనవలసియుండెను. పెట్టె ఎవరి పేరున నున్నదో అందులో వ్రాసియుండెడిది. ఆ పెట్టె మన మాటలను బయటికి చేరవేయదు, వినిపించుట మాత్రమే దాని పని. అయినను దానికి ఒక యజమాని పేరుండెను. ఈనాడు రెండు దిక్కులకు మాటలాడు పెట్టె మన ఇంటిలో పేరు లేకుండ నున్నది. ఈ ప్రసంగము ముగిసిన పిమ్మట శ్రోతలు తమ ఇంటి రౌటరును ఒకమారు తిరుగవేసి చూతురు గాక! అడుగున అంటించిన చీటీలోని పాస్‌వర్డే ఇంకను నడచుచున్నచో, దానిని మార్చు బాధ్యత ఇంటిలో ఎవరిదో ఈ రాత్రియే నిర్ణయించుకొనవలెనని నా మనవి.